78 ముక్కల్లో ప్రపంచ చరిత్ర: టారో డెక్ గీసే పద్ధతి

టారో డెక్ అంటే జోస్యం చెప్పడానికి వాడే బొమ్మ ముక్కల కట్ట. దాన్ని చరిత్ర సంగతులతో గీయాలని కూర్చున్నవాళ్ళు మొట్టమొదట ఫోన్ తీసి బొమ్మలు వెతుకుతారు. ఆ పని చాలా తరవాతిది. ముందు రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. కార్డుకు రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో ఆ కార్డు అర్థం ఒక్క వాక్యంలో రాయండి, అదీ తెలుగులో. కుడి పేజీ ఖాళీగా వదిలెయ్యండి. డెత్ అనే కార్డుకు 'డెత్ అంటే మార్పు' అని రాసుకుంటే ఆ పేజీ దండగ. 'పాత ఏర్పాటు కూలిపోయింది, మిగిలినవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి బేరమాడుకుంటున్నరు' అని రాయండి. ఇందులో మనుషులున్నారు, ఏదో జరుగుతున్నది. దీనికైతే చరిత్రలో జోడు దొరుకుతది. ఒట్టి 'మార్పు'కు దొరకదు.

నాది హనుమకొండలో పెండ్లిపత్రికలు డిజైన్ చేసే షాపు. హైదరాబాదులో ఉండే మా అక్క బిడ్డ టారో చదువుతది. "చిన్నమ్మా, అందరి దగ్గర అదే డెక్కు. నాకు చరిత్ర బొమ్మలతోని ఒకటి చేసియ్యరాదూ" అని వెంటపడ్డది. నాకు జోస్యం మీద నమ్మకం లేదు. గుడి ముందర చిలక తీసే ముక్కను ఎట్ల చూస్తానో దీన్నీ అట్లనే చూస్త. బొమ్మ బాగుంటే ఎదుటి మనిషి తన కథ తనే చెప్పుకుంటడు. డెక్ గీయడానికి ఆ మాత్రం నమ్మకం సరిపోయింది.

లెక్క తెలియనివాళ్ళ కోసం: మొత్తం 78 కార్డులు. అందులో 22 పెద్దవి, వాటిని మేజర్ ఆర్కానా అంటారు. ఫూల్‌కు సున్నా, వరల్డ్‌కు 21. మిగిలిన 56 మన పేకలాగే నాలుగు రంగులు: కప్పులు, కత్తులు, నాణేలు, కర్రలు. ఒక్కో రంగులో ఆసు నుంచి పది దాకా పది ముక్కలు, వాటి మీద పేజ్ (బంటు), నైట్ (గుర్రపు రౌతు), రాణి, రాజు. పేకాట వచ్చినవాళ్ళకు ఇది పావుగంట పని.

టారో పుట్టుక కూడా కొంచెం తెలిసి ఉండాలి, ఎందుకంటే అబద్ధాలు మొదలయ్యేది అక్కడే. ఇవి ఈజిప్టు పూజారుల రహస్యాలని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. ఆ మాట 1781లో ఫ్రాన్స్‌లో కూర్ ద జెబెలాన్ అనే పండితుడు పుట్టించాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపి చదవగలిగినవాడు లోకంలో ఒక్కడూ లేడు. అసలు సంగతేమిటంటే పేకముక్కలు 1370ల్లో మమ్లూక్ సుల్తానులు ఏలిన ఈజిప్టు వైపు నుంచి యూరప్ చేరాయి. వాటి మీద కప్పులు, నాణేలు, కత్తులు, పోలో ఆట కర్రలు ఉండేవి. 1440 ప్రాంతంలో ఉత్తర ఇటలీ దొరలు వాటికి ఇంకో వరస బొమ్మ ముక్కలు చేర్చి ఆటాడుకున్నారు. అదే టారో. జోస్యం దాదాపు మూడున్నర శతాబ్దాల తరవాత వచ్చి చేరింది. మనకూ ముక్కల కళ కొత్తది కాదు. నిర్మల్‌లో బొమ్మలు గీసే నకాషీలు గంజీఫా అనే ఆటకు గుండ్రటి ముక్కలు చేసేవాళ్ళు. దశావతార గంజీఫాలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 ముక్కలు.

ఇంకొకటి చెప్తే మీకు ధైర్యం వస్తది. చరిత్ర మనుషులతో టారో చెయ్యడం మన బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. 1491 నాటి సోలా బుస్కా డెక్ ఇప్పుడు మిలాన్‌లోని బ్రెరా మ్యూజియంలో ఉంది. 78 ముక్కలూ మిగిలిన డెక్కుల్లో అన్నిటికన్నా పాతది అదే. అందులో రోమ్ చక్రవర్తి నీరో ఉన్నాడు, కత్తుల రాజుగా అలెగ్జాండర్, కత్తుల రాణిగా వాళ్ళమ్మ ఒలింపియా ఉన్నారు. దాని ఫొటోలు 1907లో లండన్ బ్రిటిష్ మ్యూజియంకు వచ్చాయి. రెండేళ్ళకు, 1909లో, పమేలా కోల్మన్ స్మిత్ గీసిన రైడర్ వెయిట్ డెక్ అచ్చయింది. ఇవాళ అందరి చేతుల్లో ఉన్నది ఆ డెక్కే. గుండెలో మూడు కత్తులు దిగిన ఆ ప్రసిద్ధమైన ముక్కను సోలా బుస్కా ముక్క పక్కన పెట్టి చూడండి, ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలుస్తది.

ఇక అసలు పని. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: మనిషిని గీయొద్దు, ఆ మనిషి చేసిన ఒక్క పనిని గీయండి. ఆ పని జరిగిన రోజునో, ఆ పనికి వాడిన వస్తువునో గీసినా సరే. ఎందుకో నాణేల నాలుగు చెప్తది. ఆ కార్డు అర్థం 'ఉన్నదంతా గుండెకు అదుముకుని కూర్చున్నడు' అని. తెలంగాణలో ఎవర్నడిగినా ఏడో నిజాం పేరే చెప్తరు. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా అచ్చయిన మనిషి. జనగామలో రిటైరైన సోషల్ సారు మా మేనమామ ఉన్నడు, ఈ మాట వినంగనే లేచిండు. "ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినోన్ని పిసినారి అని ముక్క మీద కొడ్తవా బిడ్డా?" అన్నడు. పక్కనే ఉన్న ఆయన దోస్తు, "రజాకార్ల సంగతి మర్చిపోయినవా, ఆయన్ని మెచ్చుకునుడేంది" అని అందుకున్నడు. ఇద్దరు చెప్పిందీ నిజమే. మనిషిని గీస్తే ఇట్లనే అయితది, ఒక ముఖంలో పది అర్థాలుంటయ్, చూసినోళ్ళు తమకు తోచింది పట్టుకుంటరు. అందుకే నేను ముఖం వదిలేసి వస్తువు తీసుకున్న. 184 క్యారెట్లు దాటిన జేకబ్ వజ్రాన్ని ఆయన కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకున్నడని చెప్తరు. ముక్కలో బల్ల, కాగితాల దొంతర, దాని మీద వజ్రం, చుట్టూ నాలుగు నాణేలు. ఇంకేం లేదు. దాన్ని చూసి ఇప్పటిదాకా ఎవ్వరూ కొట్లాడలేదు.

నెపోలియన్ విషయం ఇంకోరకం. ఎంపరర్ కార్డుకు పనికొస్తడనుకుంటం. కానీ 'కుర్చీ మీద స్థిరంగా కూర్చున్నడు' అన్న అర్థానికి ఆయన బొత్తిగా సరిపోడు. వీల్ ఆఫ్ ఫార్చూన్, అంటే అదృష్ట చక్రం ముక్కలోకి తీసుకొస్తే అతికినట్టుంటడు. పాత ఇటలీ ముక్కల్లో ఆ చక్రం చుట్టూ నలుగురుంటరు. ఒకడు ఏలబోతున్న అంటడు, ఒకడు ఏలుతున్న అంటడు, ఒకడు ఏలిన అంటడు, కిందున్నోడు నాకు రాజ్యమే లేదంటడు. నెపోలియన్ నాలుగు చోట్లా తనే ఉన్నడు: 1804లో కిరీటం, 1814లో ఎల్బా దీవికి ప్రవాసం, 1815 మార్చిలో మళ్ళీ పారిస్, జూన్ 18న వాటర్లూలో ఓటమి. చక్రానికి నాలుగు టోపీలు తగిలించిన, మనిషిని గీయలేదు.

పెద్ద ముక్కలు 22టినీ ఇక్కడ చెప్పను, మీవి మీరే వెతుక్కోవాలి. కాకపోతే కొన్ని ఎట్లా కుదిరాయో చెప్తే దారి తెలుస్తది.

ఫూల్‌కు మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా తన టాంజియర్ ఊరు దాటిన రోజు. 1325, వయసు 21, వెంట ఎవ్వరూ లేరు. 'ఏమవుతుందో తెలియదు, అయినా బయల్దేరిండు' అన్న వాక్యానికి అంతకన్నా మంచి జోడు నాకు కనిపించలేదు. ఈ మనిషే తరవాత ఢిల్లీ చేరి ముహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఖాజీ అయిండు. ఆ తుగ్లకే అంతకుముందు ఉలూగ్ ఖాన్ పేరుతో వచ్చి 1323లో మన ఓరుగల్లు కోట పట్టుకున్నోడు. డెక్ పరిచినప్పుడు ఇట్లాంటి దారాలు వాటంతట అవే కలుస్తయ్. మీరు కలపబోకండి, డెక్‌తోని ఇచ్చే చిన్న పుస్తకంలో ఒక వాక్యం రాసి వదిలెయ్యండి.

హై ప్రీస్టెస్‌కు ఎన్‌హెదువన్నా. సార్గోన్ రాజు కూతురు, ఇప్పటి ఇరాక్‌లోని ఊర్ నగరంలో చంద్రుడి గుడి పూజారి. నాలుగువేల మూడొందల ఏండ్ల నాటి మాట. పేరు తెలిసిన కవుల్లో లోకంలో మొదటిది ఆమె అంటరు.

రుద్రమదేవిని ఎక్కడ పెట్టాలె? అందరూ ఎంప్రెస్ దగ్గర అన్నరు. నేను నాలుగో ముక్క ఎంపరర్‌లో పెట్టిన. 1262 ప్రాంతంలో గణపతిదేవుడి తరవాత గద్దెనెక్కిన ఆమె శాసనాల్లో రుద్రదేవ మహారాజు. ఎంప్రెస్ అంటే పంట, పచ్చదనం, కడుపు పండడం. ఎంపరర్ అంటే హద్దు గీసి నిలబెట్టడం. ఆమె చేసింది రెండోది. ముక్కలో శిల్పి రాతి మీద మగ పేరు చెక్కుతుంటడు, పక్కన ఆమె నిలబడి చూస్తుంటది. ఈజిప్టును ఏలిన హాట్‌షెప్సుట్ రాణిని కూడా పెట్టుడు గడ్డంతో చెక్కిన్రు, అదీ ఇదీ ఒకటే బాధ. మరి ఎంప్రెస్‌కు? 1977లో కెన్యాలో వంగారి మాథాయ్ మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమం, మొక్కలు నాటుతున్న ఆడవాళ్ళ చేతులు.

జస్టిస్ అనంగనే బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాలు చెక్కించిన శిల గుర్తొస్తది, తప్పేం లేదు. నేను మాత్రం గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం తీసుకున్న, 1244 నాటిది. అంతకుముందు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల సరుకంతా రాజులు జప్తు చేసుకునేవాళ్ళు. ఇక మీదట సుంకం మాత్రమే తీసుకుంటం, సరుకు వర్తకుడిదే అని రాతి మీద రాయించిండు. మునిగినోన్ని ఇంకా ముంచొద్దన్న మాట అది. న్యాయం అనే ముక్కకు ఇంతకన్నా ఏం కావాలె?

హ్యాంగ్డ్ మ్యాన్ చాలామందిని ఏడిపిస్తది. తలకిందులుగా వేలాడే మనిషి, కానీ ముఖంలో బాధ ఉండదు. దాన్ని ఉరిశిక్ష అనుకుని భగత్‌సింగ్‌ను పెట్టినోళ్ళున్నరు. అది అర్థం తెలియని పని. 'కదలలేని చోట ఇరుక్కున్నడు, ఆగడమే చెయ్యాల్సిన పని' అనేది అసలు అర్థం. 1915 జనవరిలో ధ్రువ యాత్రికుడు షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ అంటార్కిటికా మంచులో చిక్కింది. నెలల తరబడి అట్లనే ఉండి, నవంబరులో మునిగింది. ఆ ఓడలోని 28 మందీ ప్రాణాలతో బయటపడ్డరు. మంచులో ఒక పక్కకు ఒరిగిన ఓడను గీయండి, మనిషి అక్కర్లేదు.

డెత్ దగ్గర అస్థిపంజరం వద్దు, అది దసరా బొమ్మల్లో కూడా దొరుకుతది. 1347 నుంచి నాలుగేండ్లు యూరప్‌ను ఊడ్చిన ప్లేగు తీసుకోండి, కానీ శవాలను కాదు, ఆ తరవాతి పంట కోతను. కోతకు మనుషులు లేరు, ఉన్న కూలోళ్ళు ఎక్కువ కూలి అడిగిన్రు. ఇంగ్లండ్‌లో 1351లో పాత కూలే ఇయ్యాలని చట్టం తెచ్చిన్రు, అయినా పాత రోజులు తిరిగి రాలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్న 'మళ్ళీ బేరమాడుకోవడం' ఇదే. కొడవలి ఎట్లాగూ ఆ ముక్కలో ఉండాల్సిందే, ఇక్కడ అది యముడి చేతిలో కాకుండా కూలోడి చేతిలో ఉంటది.

డెవిల్ దగ్గర ఆగి ఆలోచించండి. గొలుసుల ముక్క కాబట్టి బానిస వ్యాపారమే గుర్తొస్తది. ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటించిన మనుషుల లెక్క కోటీ ఇరవై అయిదు లక్షల దాకా ఉంటది. కానీ గొలుసుల్లో ఉన్న నల్లటి ఒళ్ళు గీసి డెవిల్ అని కింద పేరు రాస్తే ఎవరు దెయ్యమైనట్టు? బాధపడ్డోళ్ళను అలంకారానికి వాడుకోవద్దు. నేను గీసింది లెక్కల పుస్తకం. ఎర్ర మార్జిన్, వరస గీతలు, మనుషులకు బదులు అంకెలు, పక్కన సీలు వేసే లక్క. అది చూసి మా అక్క బిడ్డ కాసేపు మాట్లాడలేదు.

ఇక టవర్, ఉన్నట్టుండి కూలిపోయే ముక్క. ఈ ముక్కకు షాపుకు వచ్చినోళ్ళు కూడా సలహా చెప్పిన్రు, అందరిదీ ఒకటే మాట: ఓరుగల్లు కోట. 1323లో కూలిందే కదా, ఆ నాలుగు తోరణాలు గీసెయ్యి అని. గీయలేదు. ఆ తోరణం 2014 నుంచి రాష్ట్ర చిహ్నంలో ఉంది, నేనే దాన్ని లెక్కలేనన్ని పెండ్లిపత్రికల మీద వేసిన. అది చూస్తే మనకు కూలిపోవడం గుర్తుకు రాదు, గర్వమే గుర్తొస్తది. కంటికి అలవాటైన బొమ్మను కొత్త అర్థం కోసం వాడితే పాత అర్థమే గెలుస్తది. అందుకే నేను కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇప్పటి ఇస్తాంబుల్ గోడ తీసుకున్న. 1453 మే 29. వెయ్యేండ్లు నిలిచిన గోడను కొట్టిన పెద్ద ఫిరంగి పోసింది ఉర్బాన్ అనే హంగేరీ కమ్మరి. ఆయన ముందు ఆ నగరపు చక్రవర్తి దగ్గరికే పనికి పోయిండని, అక్కడ జీతానికి డబ్బు లేక, నగరాన్ని ముట్టడించిన ఒట్టోమన్ సుల్తాన్ మెహ్మెద్ దగ్గరికి మళ్ళిండని ఆ కాలపు చరిత్రకారుడు రాసిండు. గోడలో పగులు బయటి నుంచి కాదు, ఖజానా నుంచి మొదలైంది. టవర్ కార్డు చెప్పేది కచ్చితంగా ఇదే.

మూన్‌కు 1504 ఫిబ్రవరి 29 చంద్రగ్రహణం. జమైకాలో ఇరుక్కున్న కొలంబస్ పంచాంగం చూసుకుని, మా దేవుడికి కోపమొచ్చింది, చంద్రుణ్ణి తీసేస్తడు అని అక్కడివాళ్ళను భయపెట్టి తిండి రాబట్టుకున్నడు. సన్‌కు 1980లో మశూచి పోయిందని ప్రకటించిన రోజు. రైడర్ వెయిట్ డెక్‌లో ఆ ముక్క మీద ఒక పిల్లగాడుంటడు, ఇప్పుడు వాడి జబ్బ మీద టీకా మచ్చ కూడా ఉంది. జడ్జిమెంట్‌లో బూర ఊదితే చచ్చినోళ్ళు లేస్తరు, దానికి 1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ ఈజిప్టు లిపి విప్పిన గది. వరల్డ్‌కు 1522 సెప్టెంబరులో లవంగాల బరువుతో స్పెయిన్‌కు తిరిగొచ్చిన విక్టోరియా ఓడ. భూమి చుట్టూ తిరిగొచ్చిన ఆ ఓడలో మిగిలింది 18 మంది.

పెట్టకూడనివి కూడా చెప్పాలి. సమ్మక్క సారలమ్మను పెట్టమని అడిగినోళ్ళున్నరు, ఒప్పుకోలేదు. మేడారంలో గద్దెల ముందు బెల్లం పెట్టి మొక్కేటోళ్ళు ఇయ్యాల మన చుట్టూ ఉన్నరు. ముక్క కింద పడ్తది, కాలు తగుల్తది, ఛాయ్ ఒలుకుతది. ఇప్పటికీ మొక్కుతున్న ఏ దేవుణ్ణీ, ఏ మతం ప్రవక్తనూ డెక్‌లోకి తీసుకురావద్దు. బతికున్న నాయకులను అసలే వద్దు.

చిన్న ముక్కలు 56 ఉన్నయ్ కాబట్టి ఒక్కోదానికి విడిగా వెతికితే ఏండ్లు పడ్తది. రంగుకు ఒక పదార్థం అనుకోండి, వెతుకులాట సగమైతది. కత్తులకు నేను ఉక్కు అనుకున్న. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళు, డమాస్కస్ కత్తులని పేరుపడ్డవాటికి పోయింది ఇట్లాంటి ఉక్కే. అందుకని కత్తుల ఆసు కోనసముద్రం కొలిమి. కత్తుల పదికి క్రీ.పూ. 44 మార్చి 15, సీజర్. ఒంటి మీద 23 పోట్లని రాసిన్రు, మీరు పదే గీయండి.

నాణేల ఆసు గోదారి ఒడ్డు కోటిలింగాల, శాతవాహనుల తొలి నాణేలు దొరికిన చోటు. నాణేల మూడు, అంటే కలిసి చేసే పనితనం, రామప్ప గుడి: 1213, నీళ్ళలో తేలే ఇటుకలు, రేచర్ల రుద్రుడు. నాణేల ఆరు తక్కెడ పట్టుకుని దానం చేసే ముక్క, దానికి పడమటి ఆఫ్రికాలోని మాలి రాజ్యాన్ని ఏలిన మాన్సా మూసా. 1324లో హజ్‌కు పోతూ కైరోలో ఎంత బంగారం పంచిండంటే అక్కడ బంగారం ధర పడిపోయింది. పన్నెండేండ్ల తరవాత కూడా కోలుకోలేదని అరబ్బు చరిత్రకారుడు అల్ ఉమరీ రాసిండు. దానం మంచిదేనా అని అడిగే ముక్క కావాలంటే ఇదే.

కప్పులకు నీళ్ళు. కప్పుల ఎనిమిది, వదిలేసి పోవడం, అక్బర్ 1585లో ఫతేపూర్ సిక్రీ విడిచిపెట్టడం. నీళ్ళు లేక అని బడిలో చెప్పిన్రు మనకు, వాయవ్య సరిహద్దు యుద్ధాలూ కారణమే. కర్రలకు పని, పరుగు, నిప్పు. కర్రల ఎనిమిది వేగం, దానికి దక్షిణ అమెరికాలో 'ఇంకా'ల రాజ్యంలో లెక్కలు దాచిన ముడుల తాళ్ళు పట్టుకుని ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ ఉరికిన వార్తాహరులు, చాస్కీలు. కర్రల రాణికి పాలకుర్తి పొలంలో చాకలి ఐలమ్మ పంట కోత. విసునూరు దొర మనుషులు వచ్చినా ఆమె గింజలు ఇంటికే చేరినయ్. నా నియమం ప్రకారం ఆమె ముఖం కాదు, వడ్ల రాశి, దాని పక్కన కర్ర.

సగం అయినంక బడిపిల్లల అట్లాసు తెరిచి, ప్రతి కార్డుకు దాని చోటులో ఒక బొట్టుబిళ్ళ అంటించండి. నా పటంలో ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ మీద ఖాళీ జాగా లేదు, దక్షిణ అమెరికా బోసిగా ఉంది. మన పాఠ్యపుస్తకాలు చదివిన ఎవరికైనా ఇట్లనే వస్తది. బొలీవియాలోని పొటోసి వెండి కొండ, చాస్కీలు, నక్షత్రాలు చూసి పసిఫిక్ దాటిన పాలినీషియా పడవలు తరవాత వచ్చినయ్ నా డెక్‌లోకి. స్టార్ కార్డు ఆ పడవలదే. ఇంకో పక్క ఓరుగల్లు మీద కూడా బిళ్ళలు కుప్పపడకుండా చూసుకోండి. ప్రపంచ చరిత్ర అని చెప్పి కాకతీయుల ఆల్బమ్ ఇస్తే కొన్నోళ్ళు అడుగుతరు.

గీసేముందు వస్తువుల తేదీలు చూడండి. రుద్రమదేవి వంటింట్లో ఎర్ర మిరపకాయలు గీయరాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాలు బస్తాలుగా కనిపిస్తయ్ గానీ, మిరప అమెరికా పంట, 1492 తరవాతే ఈ వైపు వచ్చింది. టమాట, ఆలుగడ్డ, మక్కజొన్న, పొగాకు కూడా అంతే. అలెగ్జాండర్ గుర్రానికి కాళ్ళు పెట్టుకునే రికాబులుండవు. వైకింగుల టోపీలకు కొమ్ములుండవు, అవి పందొమ్మిదో శతాబ్దపు నాటకాల వేషాలు. చదివినోళ్ళ చేతికి డెక్ పోతే ముందు చూసేది ఇవే. ఏఐతో బొమ్మలు చేయించేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అది ఎవరికైనా కొమ్ముల టోపీ పెడ్తది.

శైలి ఒకటే ఉండాలి. ఒక ముక్క ఆయిల్ పెయింటింగ్‌లాగ, ఇంకోటి కార్టూన్‌లాగ ఉంటే డెక్ అనిపించదు. చేర్యాల పటం ఎర్ర నేపథ్యం నాకిష్టం, టారోకు బ్రహ్మాండంగా కుదురుతది. కానీ నకాషీ కుటుంబాలు బట్టకు చింతగింజల జిగురు పట్టించి తరాలుగా గీస్తున్నదాన్ని ఫోన్లో ఫొటో తీసి ట్రేస్ చెయ్యడం దొంగతనం. ఆ శైలే కావాలంటే చేర్యాల పోయి, మాట్లాడి, డబ్బులిచ్చి గీయించుకోండి, వాళ్ళ పేరు డబ్బా మీద వెయ్యండి. నేను సాదా గీతలు, నాలుగు రంగులతో చేసిన. బొమ్మ పూర్తయినంక స్క్రీన్ మీద బొటనవేలంత చేసి చూడండి. ఏ ముక్కో పోల్చుకోలేకపోతే గీతలు తీసెయ్యండి.

రైడర్ వెయిట్ బొమ్మలు వాడుకోవచ్చా అంటే, పమేలా స్మిత్ 1951లో చనిపోయింది. మన దేశంలో చిత్రకారుడు పోయినంక అరవై ఏండ్లకు హక్కు తీరుతది, కాబట్టి 1909 నాటి అసలు బొమ్మలకు 2011తో తీరిపోయింది. కొత్తగా రంగులు మార్చి అచ్చేసిన డెక్కులకు వేరే హక్కులుండొచ్చు, వాటి జోలికి పోవద్దు. నంబర్లు వేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. పాత ఫ్రెంచ్ డెక్కుల్లో జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11. రైడర్ వెయిట్ డెక్ గీయించిన వెయిట్ వాటిని తారుమారు చేసిండు. మీరు ఏ వరస పాటించినా ఫర్వాలేదు, చిన్న పుస్తకంలో అదే వరస ఉండాలి.

ఇక ప్రింటింగ్ నా సొంత ఇలాఖా. టారో ముక్క 70×120 ఎంఎం. నాలుగు వైపులా 3 ఎంఎం బ్లీడ్, అంటే కోత గీత దాటి పొడిగించే రంగు, కలిపితే 76×126. 300 డీపీఐలో 898×1488 పిక్సెళ్ళు. అక్షరాలు, ముఖ్యమైన బొమ్మ కోత గీత నుంచి 5 ఎంఎం లోపల ఉంచండి. ఫైలు సీఎంవైకేలో, అంటే ప్రెస్సు వాడే నాలుగు సిరాల రంగుల్లో చెయ్యండి, లేకపోతే స్క్రీన్ మీద మెరిసిన నీలం కాగితం మీద ఊదాగా వస్తది. తెలుగు అక్షరాలు కర్వ్స్ చేసి, అంటే గీతల బొమ్మగా మార్చి పంపండి, ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోతే ఒత్తులన్నీ చెదిరిపోతయ్. 12×18 అంగుళాల షీటులో ముక్కలను పడుకోబెట్టి పేరిస్తే అడ్డం రెండు, నిలువు అయిదు చొప్పున పది పడ్తయ్. ఎనిమిది షీట్లకు 80. రెండు ముక్కలు మిగుల్తయ్, ఒకటి పేరు కార్డు, ఇంకోటి నాలుగు రంగుల గుర్తులు చెప్పే కార్డు చేసుకోండి.

వెనక డిజైన్ తలకిందులు చేసినా ఒకేలా ఉండాలి, లేకపోతే తీయకముందే ముక్క తిరగబడిందని తెలిసిపోతది. వెనక అంచు చుట్టూ సన్న గీత బార్డరు పెట్టొద్దు. డిజిటల్ మిషన్‌లో ముందు వెనక ఒక ఎంఎం జరగడం మామూలే, బార్డరుంటే ఆ వంకర కొట్టొచ్చినట్టు కనిపిస్తది. 350 జీఎస్ఎం ఆర్ట్ కార్డు మీద మ్యాట్ లామినేషన్ రెండు వైపులా చేయించండి. డబ్బు మిగుల్తదని ఒకవైపే చేయిస్తే వానాకాలంలో ముక్కలు వంగుతయ్. మెరిసే గ్లాసీ లామినేషన్ వద్దు, జారిపోతయ్, ఫొటో తీస్తే లైటు పడ్తది. కటింగ్ అయినంక మూలలు గుండ్రంగా కొట్టించాలె, పదునైన మూలలు కలుపుతుంటే చివికిపోతయ్.

ఎక్కువ సెట్లు కొట్టించేముందు ఒక్క సెట్ తీయండి. దాన్ని టారో చదివే మనిషికీ, టారో తెలియని చరిత్ర సారుకూ విడివిడిగా ఇయ్యండి. మొదటివాళ్ళు బొమ్మ చూసి అర్థం చెప్పగలగాలె, రెండోవాళ్ళు బొమ్మ చూసి సంఘటన చెప్పగలగాలె. ఇద్దరిలో ఒక్కరే చెప్పగలిగితే ఆ ముక్క మళ్ళీ గీయాలె. చిన్న పుస్తకంలో కార్డుకు ఏడాది, చోటు, జరిగిన సంగతి మూడు వాక్యాల్లో ఉంటే చాలు, భవిష్యత్తు చెప్పే పని చదివేవాళ్ళకు వదిలెయ్యండి. డబ్బా మాత్రం ఆఖరున చేయించండి. లామినేషన్ అయిన 80 ముక్కలను దొంతర పెట్టి, పైన పుస్తకం పెట్టి, స్కేలుతో ఎత్తు కొలిచి, దానికి రెండు ఎంఎం కలిపి, అట్టకు మడత గీతలు కొట్టే క్రీజింగ్ వాళ్ళకు ఇయ్యండి.